వర్చువల్ మెషీన్‌లో లినక్స్: గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ పరిమితులు

ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్ సృష్టించే మరో కంప్యూటర్‌ను వర్చువల్ మెషీన్ అంటారు. అందులో లినక్స్ నడిపితే లెక్కలు, ఫైళ్లు, నెట్‌వర్క్ వంటి పనులు అసలు యంత్రానికి దగ్గరి వేగంతోనే సాగుతాయి. తెర మీద బొమ్మ గీసే పని మాత్రం వెనకబడుతుంది. కిటికీలు లాగితే తడబడటం, వీడియో ఆగి ఆగి నడవటం, త్రీడీ ప్రోగ్రాములు అసలు తెరుచుకోకపోవడం దీని బయటి లక్షణాలు. అసలు యంత్రంలో ఉన్న గ్రాఫిక్స్ ప్రాసెసర్ (జీపీయూ) శక్తి వర్చువల్ మెషీన్‌కు అందకపోవడానికి, లేదా కొంతమేరకే అందడానికి గల కారణాలను కలిపి గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ పరిమితులు అంటున్నాం.

ఈ వ్యాసంలో హోస్ట్ అంటే అసలు యంత్రం, దాని ఆపరేటింగ్ సిస్టమ్. గెస్ట్ అంటే వర్చువల్ మెషీన్‌లో నడిచే లినక్స్. రెంటి మధ్య నిలిచే సాఫ్ట్‌వేర్ హైపర్‌వైజర్. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ వర్క్‌స్టేషన్, హైపర్-వి, లినక్స్‌లోని కేవీఎం-క్యూఎమూ జంట ఎక్కువగా వాడుకలో ఉన్న హైపర్‌వైజర్లు.

మూల కారణం

ప్రాసెసర్‌ను పంచడం 2005-06 నాటికే తేలికైంది. 2005లో ఇంటెల్ వీటీ-ఎక్స్‌ను, 2006లో ఏఎండీ తన ఏఎండీ-వీని తెచ్చాయి. అప్పటి నుంచి గెస్ట్ ఆదేశాలు అనువాదం లేకుండా నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తున్నాయి. తర్వాత వచ్చిన రెండంచెల పేజీ పట్టికలు మెమరీ విషయంలోనూ అదే వెసులుబాటు ఇచ్చాయి.

జీపీయూ స్వభావం వేరు. ఎక్స్86 ప్రాసెసర్లన్నిటికీ ఒకే ఆదేశాల సమితి ఉంది. జీపీయూలకు అలాంటిది లేదు. ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియా ఎవరి ఆదేశాలు వారివి, ఒకే కంపెనీలో తరం మారితే అవి కూడా మారతాయి. కాబట్టి హైపర్‌వైజర్ ఒక ప్రామాణిక జీపీయూను నటించి చూపించలేదు. పైగా జీపీయూలో నడుస్తున్న పనిని మధ్యలో ఆపి, దాని స్థితిని భద్రపరచి, ఇంకొకరికి అప్పగించే సౌకర్యం చాలాకాలం సరిగ్గా లేదు. ప్రాసెసర్ విషయంలో ఈ మార్పిడి సెకనుకు వందలసార్లు ఇబ్బంది లేకుండా జరుగుతుంది. ఒక యజమాని కోసమే రూపొందిన పరికరాన్ని ఇద్దరికి పంచాల్సి రావడమే ఇక్కడి చిక్కంతా. కింద వివరించే విధానాల్లో ప్రతి ఒక్కటీ వేగం, పంపకం, భద్రతల్లో ఏదో ఒకదాన్ని వదులుకుంటుంది.

చరిత్ర

తొలి హైపర్‌వైజర్లు పాత కార్డులను అనుకరించాయి. క్యూఎమూ చాలాకాలం సిరస్ లాజిక్ అనే 1990ల నాటి కార్డును గెస్ట్‌కు చూపించింది. 2014లో దాని స్థానంలో సాధారణ వీజీఏ వచ్చింది. టెర్మినల్‌కు, సాదా డెస్క్‌టాప్‌కు ఇవి చాలు కనుక ఎవరికీ పెద్ద ఫిర్యాదు లేదు.

2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వెలువడటంతో పరిస్థితి మారింది. కిటికీల కూర్పునే జీపీయూకు అప్పగించిన డెస్క్‌టాప్ అది. త్రీడీ సదుపాయం లేని చోట్ల ఫాల్‌బ్యాక్ అనే పాత తరహా రూపంలో తెరుచుకునేది. 2012లో ఫెడోరా 17 ఆ లోటును ప్రాసెసర్‌తో భర్తీ చేసింది. లినక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లుండే మెసా గ్రంథాలయంలోని ఎల్‌ఎల్‌వీఎంపైప్ అనే సాఫ్ట్‌వేర్ రెండరర్ ద్వారా గ్నోమ్ షెల్‌ను జీపీయూ లేకుండా నడిపించింది. 2013లో గ్నోమ్ 3.8 ఫాల్‌బ్యాక్‌ను పూర్తిగా తీసేసింది. వర్చువల్ మెషీన్‌లో లినక్స్ నెమ్మది అన్న మాట విస్తృతంగా వినిపించడం ఈ కాలంలోనే మొదలైంది. నిజానికి ఆ రెండేళ్లలో వర్చువల్ మెషీన్లు మందగించలేదు, డెస్క్‌టాప్ అడిగేది పెరిగింది.

హైపర్‌వైజర్ల వైపు కూడా సమాంతరంగా పని జరిగింది. లినక్స్ గ్రాఫిక్స్ నిపుణుల సంస్థ టంగ్‌స్టన్ గ్రాఫిక్స్‌ను 2008లో వీఎంవేర్ కొనుగోలు చేసింది. ఆ బృందం తయారుచేసిన గాలియం నిర్మాణం ఇవాళ మెసాలోని చాలా ఓపెన్‌జీఎల్ (త్రీడీ గీత ఆదేశాల ప్రమాణం) డ్రైవర్లకు పునాది. కేవీఎంను పుట్టించిన క్యుమ్రానెట్‌ను అదే ఏడాది రెడ్ హ్యాట్ తీసుకుంది. దూరం నుంచి వర్చువల్ డెస్క్‌టాప్ చూసే స్పైస్ ప్రొటోకాల్, క్యూఎక్స్ఎల్ వర్చువల్ కార్డు అలా రెడ్ హ్యాట్‌కు చేరాయి. క్యూఎక్స్ఎల్ టూడీ పనికే పరిమితం. కేవీఎంలో త్రీడీ కోసం డేవ్ ఎయిర్లీ 2013లో మొదలుపెట్టిన వర్‌జీఎల్ పథకం 2015-16 నాటికి కెర్నల్‌లోకి, క్యూఎమూలోకి వచ్చింది.

విధానాలు

సాఫ్ట్‌వేర్ రెండరింగ్. జీపీయూ ప్రమేయం ఏమీ ఉండదు. గెస్ట్‌లోని ఎల్‌ఎల్‌వీఎంపైప్ ప్రతి బిందువునూ ప్రాసెసర్‌తోనే లెక్కగడుతుంది. ఓపెన్‌జీఎల్ తర్వాత వచ్చిన వల్కన్ ప్రమాణం కోసం ఇదే తరహాలో లావాపైప్ ఉంది. భారం ఎంతో ఒక లెక్కతో తెలుస్తుంది: 1920×1080 తెరలో 20,73,600 బిందువులు, బిందువుకు 4 బైట్లు, అంటే ఒక్కో ఫ్రేముకు సుమారు 83 లక్షల బైట్లు. సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 50 కోట్ల బైట్లను రాయడమే కాదు, గెస్ట్ మెమరీ నుంచి హోస్ట్ కిటికీలోకి నకలు కూడా తీయాలి. 4కే తెరకు ఇదంతా నాలుగింతలు. రెండు కోర్లు మాత్రమే కేటాయించిన గెస్ట్‌లో ఈ పనే ప్రాసెసర్‌ను మింగేస్తుంది, కంపైలర్‌కో బ్రౌజర్‌కో మిగిలేది తక్కువ. వర్చువల్ మెషీన్ సెట్టింగుల్లో వీడియో మెమరీని పెంచితే వేగం వస్తుందన్న నమ్మకం బలంగా ఉంది. వర్చువల్‌బాక్స్‌లో ఆ అంకె సాధారణంగా 128 ఎంబీ దగ్గర ఆగుతుంది. సాఫ్ట్‌వేర్ రెండరింగ్ జరుగుతున్నంతకాలం అది పెద్ద తెరలకు, ఎక్కువ తెరలకు చోటిస్తుందే తప్ప వేగాన్నివ్వదు.

ఆదేశాల బదిలీ. దీన్నే పారావర్చువల్ గ్రాఫిక్స్ అంటారు. గెస్ట్‌లో ఒక కల్పిత కార్డు, దానికి తగిన డ్రైవర్ ఉంటాయి. గెస్ట్ ప్రోగ్రాము ఇచ్చిన గీత ఆదేశాలను ఆ డ్రైవర్ మూటగట్టి హోస్ట్‌కు పంపుతుంది, హోస్ట్ వాటిని తన భాషలోకి మార్చి అసలు జీపీయూతో చేయిస్తుంది. దుభాషి ద్వారా బేరమాడినట్టు: పని జరుగుతుంది, కానీ ప్రతి మాటకూ ఆలస్యం, దుభాషికి రాని మాట అవతలికి చేరదు.

ఈ విధానపు పరిమితులన్నీ ఆ అనువాదంలోనే ఉన్నాయి. వర్‌జీఎల్‌లో గెస్ట్ మెసా షేడర్‌ను (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రామును) ఒక మధ్యంతర రూపంలోకి మారుస్తుంది. హోస్ట్‌లోని వర్‌జీఎల్‌రెండరర్ దాన్ని మళ్లీ షేడర్ భాషగా రాసి హోస్ట్ డ్రైవర్‌కు ఇస్తుంది. అంటే ఒకే షేడర్ రెండుసార్లు కంపైల్ అవుతుంది. చిన్న చిన్న గీత ఆదేశాలను వేలల్లో పంపే ప్రోగ్రాములు ఇక్కడ బాగా దెబ్బతింటాయి. గీసిన బొమ్మను వెనక్కి చదివే ప్రోగ్రాములకు ప్రతిసారీ హోస్ట్ జవాబు కోసం ఆగడం తప్పదు. కొద్ది ఆదేశాలతో పెద్ద పని చేయించే ప్రోగ్రాములకు మాత్రం నష్టం అంతగా తెలియదు. ఒక ఆట సాఫీగా నడిచి, మామూలు క్యాడ్ ప్రోగ్రాము తడబడటం చూసి వాడుకరులు తికమకపడేది ఇందుకే.

ఓపెన్‌జీఎల్ వెర్షన్ కూడా హోస్ట్‌ను మించి ఉండదు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ 16 (2020) గెస్ట్‌కు ఓపెన్‌జీఎల్ 4.1 వరకు, 17 (2022) 4.3 వరకు ఇచ్చాయి. గ్రాఫిక్స్ మెమరీ గరిష్ఠం 8 జీబీ. 2024 నుంచి వర్క్‌స్టేషన్ వ్యక్తులకు, సంస్థలకు ఉచితం. వర్చువల్‌బాక్స్ కథ ఇంత నేరుగా సాగలేదు. 2019 చివర వచ్చిన 6.1 తన పాత త్రీడీ పద్ధతిని వదిలేసి, వీఎంవేర్ కార్డును అనుకరించే వీఎంఎస్‌వీజీఏను నిలబెట్టింది. అందువల్ల వర్చువల్‌బాక్స్ గెస్ట్‌లో కూడా పనిచేసేది వీఎంవేర్ పేరున్న లినక్స్ డ్రైవరే. 2022 అక్టోబరు నాటి 7.0 విండోస్ హోస్ట్ మీద డైరెక్ట్‌ఎక్స్ 11ను, ఇతర హోస్ట్‌ల మీద డైరెక్ట్‌ఎక్స్‌ను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకేను ఆధారం చేసుకుంది. ఓపెన్‌జీఎల్ ఆదేశం కల్పిత కార్డు భాషలోకి, అక్కడి నుంచి డైరెక్ట్‌ఎక్స్‌లోకి, లినక్స్ హోస్ట్ అయితే దాన్నుంచి మళ్లీ వల్కన్‌లోకి మారుతుందన్నమాట.

వర్‌జీఎల్ వల్కన్‌ను మోయదు. ఆ ఖాళీని పూరించడానికి వచ్చిన వీనస్ 2021లో మెసాలో చేరింది. క్యూఎమూలో దానికి చోటు దొరకడానికి 2024 డిసెంబరు (వెర్షన్ 9.2) దాకా పట్టింది. మ్యాక్ హోస్ట్‌ల మీద ఇంకో అడ్డంకి ఉంది. ఆపిల్ ఓపెన్‌జీఎల్‌ను 4.1 దగ్గరే ఆపి, 2018లో పాతబడినదిగా ప్రకటించింది. కాబట్టి అక్కడ ప్రతి మార్గమూ చివరికి ఆపిల్ సొంత గ్రాఫిక్స్ ప్రమాణమైన మెటల్‌లోకి అనువాదం కావలసిందే.

వీడియో డీకోడింగ్ వేరే సంగతి. త్రీడీ బాగా నడిచే గెస్ట్‌లో కూడా జీపీయూలోని వీడియో విభాగం సాధారణంగా అందదు. బ్రౌజర్‌లో వీడియో చూస్తున్నప్పుడు డీకోడింగ్ అంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. క్రోమియం ఆధారిత బ్రౌజర్లు నమ్మకం లేని డ్రైవర్లకు ఒక జాబితా పెట్టుకుని, వాటి మీద జీపీయూ వాడకాన్ని తామే ఆపేసుకుంటాయి.

జీపీయూ విభజన. ఒకే కార్డును హార్డ్‌వేర్ స్థాయిలో లేదా డ్రైవర్ సాయంతో ముక్కలుచేసి ఒక్కో గెస్ట్‌కు ఒక్కో ముక్క ఇవ్వడం. గెస్ట్‌లో అసలు కంపెనీ డ్రైవరే నడుస్తుంది కనుక అనువాద నష్టం ఉండదు. లినక్స్ 4.10 (2017) తెచ్చిన మీడియేటెడ్ పరికరాల చట్రంతో ఇంటెల్ జీవీటీ-జీ ఈ సౌకర్యాన్ని ఐదో తరం నుంచి పదో తరం వరకు ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లకు అందించింది. సామాన్య వాడుకరికి అందుబాటులోకి వచ్చిన ఒకే ఒక విభజన పద్ధతి ఇదేననవచ్చు. పదకొండో తరంతో అది నిలిచిపోయింది. దాని స్థానంలో వచ్చిన, కార్డును హార్డ్‌వేర్‌లోనే విభజించే ఎస్‌ఆర్-ఐఓవీకి లినక్స్ హోస్ట్ మద్దతు చాలా ఏళ్లు ప్రధాన కెర్నల్‌లో లేక, విడి మాడ్యూళ్ల మీద ఆధారపడింది.

మిగిలిన విభజన పద్ధతులు డేటా సెంటర్లవి. ఎన్‌విడియా వీజీపీయూకు ఎంపిక చేసిన కార్డులతోపాటు లైసెన్సు రుసుము కావాలి. ఏఎండీ ఎంఎక్స్‌జీపీయూ కూడా సర్వర్ కార్డులకే.  ఇంటెల్ విడి కార్డుల్లోనూ ఇదే గీత కనిపిస్తుంది: సర్వర్ల ఫ్లెక్స్ శ్రేణికి ఎస్‌ఆర్-ఐఓవీ ఉంది, గృహ వినియోగపు ఆర్క్ ఏ శ్రేణికి లేదు. కాబట్టి ఈ పరిమితిని సాంకేతికం కన్నా వాణిజ్యపరమైనదిగా చూడటమే సబబు.

పాస్‌త్రూ. మొత్తం కార్డును హోస్ట్ వదులుకుని గెస్ట్‌కు అప్పగించడం. లినక్స్ 3.6 (2012)లో వచ్చిన వీఎఫ్ఐఓ దీనికి ఆధారం. వేగం అసలు యంత్రానికి చాలా దగ్గరగా ఉంటుంది. షరతులే ఎక్కువ: పరికరాల మెమరీ ప్రవేశాన్ని అదుపుచేసే ఐఓఎంఎంయూ బోర్డులో ఉండాలి, కార్డు ఉన్న ఐఓఎంఎంయూ సమూహంలో హోస్ట్‌కు అవసరమైన ఇతర పరికరాలు ఉండకూడదు, హోస్ట్ తెరకు వేరే జీపీయూ కావాలి. కొన్ని ఏఎండీ కార్డులు గెస్ట్ ఆగిన తర్వాత మళ్లీ తొలి స్థితికి రాక, హోస్ట్‌ను రీబూట్ చేయిస్తాయి. ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి తెర తీగ అంతర్గత జీపీయూకే కలిపి ఉంటుంది. కాబట్టి విడి జీపీయూను గెస్ట్‌కు ఇచ్చినా దాని బొమ్మ తెరకు చేరడానికి మరో ఏర్పాటు చేసుకోవాలి. హోస్ట్ విండోస్ అయితే ఈ దారి దాదాపు మూసుకున్నట్టే. వర్చువల్‌బాక్స్ లినక్స్ హోస్ట్‌ల కోసం ఉంచిన అసంపూర్ణ పాస్‌త్రూను 6.1లో తొలగించింది, వీఎంవేర్‌లో అది సర్వర్ ఉత్పత్తికే పరిమితం.

డబ్ల్యూఎస్‌ఎల్. పేరుకు వర్చువల్ మెషీన్‌లా కనిపించకపోయినా విండోస్‌లో లినక్స్ నడపడానికి మైక్రోసాఫ్ట్ 2019లో ప్రకటించిన డబ్ల్యూఎస్‌ఎల్2 హైపర్-వి మీద నడిచే అసలైన లినక్స్ కెర్నలే. విండోస్ డ్రైవర్‌ను గెస్ట్‌తో పంచుకునే జీపీయూ-పీవీ పద్ధతి దానికి ఉంది. మెసాలోని డీ3డీ12 డ్రైవర్ ఓపెన్‌జీఎల్‌ను డైరెక్ట్‌ఎక్స్ 12 మీద నడిపిస్తుంది. జీపీయూతో లెక్కలు చేయించే ఎన్‌విడియా వేదిక క్యూడా (CUDA) సైతం అసలు కార్డు సాయంతోనే పనిచేస్తుంది. అదే హైపర్-విలో మామూలుగా సృష్టించిన లినక్స్ గెస్ట్‌కు దక్కేది టూడీ తెర మాత్రమే. ఒకే కంపెనీ, ఒకే హైపర్‌వైజర్, రెండు రకాల మర్యాద.

చందాపుర పరిసరాల్లో వినియోగ స్థితి

(చూ. విధానాలు: ఆదేశాల బదిలీ, డబ్ల్యూఎస్‌ఎల్)

ఈ పరిమితులు రోజువారీ వాడుకలో ఎలా ఎదురవుతాయో చూడటానికి ఒక ఉదాహరణ, బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలో హోసూరు రోడ్డు మీది పట్టణం చందాపుర. 1970ల చివర కియోనిక్స్ నెలకొల్పిన ఎలక్ట్రానిక్ సిటీ, ఆ తర్వాత బొమ్మసంద్ర పారిశ్రామిక వాడ దాటాక వస్తుంది.  ఆనేకల్, హోసూరు ప్రాంతాల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చినవారు వారికి తోడయ్యారు. ఆనేకల్ దారిలో అలయన్స్ విశ్వవిద్యాలయం ఉంది.

వర్చువల్ మెషీన్‌లో లినక్స్ వాడాల్సిన అవసరం పడేది ఇలాంటి చోట్లనే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసే అధికారం ఉద్యోగికి ఉండదు. విద్యార్థికి ఒకే యంత్రం ఉంటుంది, కాలేజీ ల్యాబు పనికి లినక్స్ కావాలి. ఇలాంటి వాడుకరికి పాస్‌త్రూ, విభజన రెండూ అందని పండ్లే. మిగిలేది ఆదేశాల బదిలీ, అది కుదరకపోతే సాఫ్ట్‌వేర్ రెండరింగ్.

ఆఫీసు యంత్రాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. విండోస్ 11 భద్రత కోసం కెర్నల్‌లో కొంత భాగాన్ని హైపర్-వి రక్షణలో నడుపుతుంది. అలాంటప్పుడు వర్చువల్‌బాక్స్ ప్రాసెసర్‌ను నేరుగా అందుకోలేక హైపర్-వి మీదుగా నడుస్తుంది. కిటికీ కింది పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే అర్థం ఇదే. గ్రాఫిక్స్ ఆదేశాల బదిలీకి గెస్ట్ నుంచి హోస్ట్‌కు పదేపదే దాటడం అవసరం. ఆ దాటింపు ఖరీదు పెరగడంతో గ్రాఫిక్స్ మందగమనం మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కంపెనీ విధానం వల్ల ఆ రక్షణను ఆపే వీలు లేనివారికి డబ్ల్యూఎస్‌ఎల్ మేలైన దారి. పూర్తి డెస్క్‌టాప్ కావాలంటే గ్నోమ్‌కు బదులు ఎక్స్ఎఫ్‌సీఈ, మాటే, ఎల్ఎక్స్‌క్యూటీ వంటి తేలిక డెస్క్‌టాప్‌లు సాఫ్ట్‌వేర్ రెండరింగ్ మీద కూడా చక్కగా నడుస్తాయి. కూర్పు ప్రభావాలను ఆపేస్తే భారం ఇంకా తగ్గుతుంది.

తెలుగు వాడుకరులు తరచూ పొరబడే సంగతి మరొకటి. గెస్ట్‌లో తెలుగు ఒత్తులు విడిపోయో, గళ్లుగానో కనిపిస్తే దానికి గ్రాఫిక్స్ యాక్సిలరేషన్‌తో సంబంధం లేదు. అక్షరాల కూర్పును హార్ఫ్‌బజ్ అనే గ్రంథాలయం ప్రాసెసర్ మీదే చేస్తుంది. తగిన తెలుగు ఫాంటు స్థాపించుకుంటే సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌లోనూ గుణింతాలు, ఒత్తులు సరిగ్గానే వస్తాయి.

స్థితిని గుర్తించడం

గెస్ట్‌లో ఏ విధానం నడుస్తోందో రెండరర్ పేరు చెబుతుంది. మెసా-యుటిల్స్ ప్యాకేజీలోని జీఎల్ఎక్స్ఇన్ఫో ఆదేశం ఆ పేరును చూపుతుంది, గ్నోమ్ సెట్టింగుల్లో యంత్రం వివరాల పుటలోనూ ఉంటుంది. ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే పనంతా ప్రాసెసర్‌దే. ఎస్‌వీజీఏ3డీ అంటే వీఎంవేర్ లేదా వర్చువల్‌బాక్స్ బదిలీ, వర్‌జీఎల్ అంటే కేవీఎం బదిలీ, డీ3డీ12 అంటే డబ్ల్యూఎస్‌ఎల్. త్రీడీ పెట్టెలో టిక్ పెట్టిన తర్వాత కూడా ఎల్‌ఎల్‌వీఎంపైపే కనిపిస్తే హోస్ట్ డ్రైవర్ పాతదనో, గెస్ట్ మెసా ఆ కల్పిత కార్డును పూర్తిగా గుర్తించలేదనో అనుకోవాలి.

భద్రత

గెస్ట్ పంపే గీత ఆదేశాలను హోస్ట్ తన అధికారంతో అమలుచేస్తుంది. అక్కడ దోషం ఉంటే గెస్ట్‌లోని దుండగుడు హోస్ట్‌లోకి చొరబడగలడు. 2009లో క్లౌడ్‌బర్స్ట్ పేరిట బయటపడిన దాడి వీఎంవేర్ కల్పిత డిస్‌ప్లే పరికరంలోని లోపాన్నే వాడుకుంది. హైపర్-విలో జీపీయూను పంచిన రిమోట్‌ఎఫ్ఎక్స్ వీజీపీయూను భద్రతా లోపాల వల్ల మైక్రోసాఫ్ట్ 2020 జులైలో ఆపి, 2021 ఏప్రిల్‌లో తొలగించింది. వాటిని సరిదిద్దడం కన్నా తీసేయడమే మేలని తేల్చుకుంది. నమ్మకం లేని గెస్ట్‌లకు త్రీడీ యాక్సిలరేషన్ ఇవ్వవద్దని వర్చువల్‌బాక్స్ కరదీపికే చెబుతుంది. మాల్వేర్ పరీక్షించే యంత్రాల్లో సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌ను కావాలనే ఎంచుకుంటారు.

ప్రస్తుత పరిణామాలు

అనువాదాన్ని తగ్గించే దిశగా వచ్చిన కొత్త ఆలోచన నేటివ్ కాంటెక్స్ట్. ఇందులో ఓపెన్‌జీఎల్, వల్కన్ ఆదేశాలకు బదులు కెర్నల్ డ్రైవర్ స్థాయి అభ్యర్థనలను హోస్ట్‌కు పంపుతారు. గెస్ట్‌లో అసలు కార్డు మెసా డ్రైవరే నడుస్తుంది, షేడర్లు ఒక్కసారే కంపైల్ అవుతాయి. క్వాల్‌కామ్, ఏఎండీ జీపీయూల మీద ముందుగా పని జరిగింది. హోస్ట్ కూడా లినక్సే కావడం దీనికి ముందస్తు షరతు.

డెస్క్‌టాప్ అవసరాలు అంతకంతకూ పెరుగుతూనే ఉన్నాయి. ఉబుంటు 25.10లో ఎక్స్ అనే పాత డిస్‌ప్లే వ్యవస్థ మీద నడిచే గ్నోమ్ సెషన్ తొలగిపోయి, దాని తర్వాతి వ్యవస్థ వేలాండ్ ఒక్కటే మిగిలింది. వేలాండ్‌లో ప్రతి కిటికీ కూర్పు గుండానే తెరకు చేరుతుంది. కాబట్టి జీపీయూ అందని గెస్ట్‌లో ఆ కూర్పును ఎల్‌ఎల్‌వీఎంపైప్ చేయక తప్పదు. కూర్పును పూర్తిగా ఆపేసే అవకాశం ఎక్స్ మీద నడిచే డెస్క్‌టాప్‌లకే ఉంది.